వీసీడీలు, డీవీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం: కీ, లైసెన్సు, చోటు

ప్రశ్న:
ఇంట్లో వంద దాకా వీసీడీలు, నూటయాభై డీవీడీలు, ఆరు బ్లూరేలు ఉన్నాయండీ. అన్నీ డబ్బిచ్చి కొన్నవే. హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని టీవీలో చూడాలి. డిస్క్‌లోని సినిమాను ఫైల్‌గా తీసే మేక్‌ఎంకేవీ ప్రోగ్రాం డీవీడీలను బాగానే తీస్తోంది, బ్లూరే పెడితే కీ అడుగుతోంది. క్రాక్ (కీ లేకుండా నడిచేలా చేసే దొంగ ఫైల్) వాడమని ఒకరు సలహా ఇచ్చారు. అసలిలా కాపీ చేసుకోవడం నేరమా? ఎంత డిస్క్ కొనాలి?

జవాబు 1:
క్రాక్ జోలికి పోకండి, దాని అవసరమే లేదు. మేక్‌ఎంకేవీలో డీవీడీ భాగం ఎప్పటికీ ఉచితం. బ్లూరే భాగం డబ్బు పెట్టి కొనాల్సిందే గానీ, ప్రోగ్రాం బీటాలో (పరీక్ష దశలో) ఉన్నంతకాలం తాత్కాలిక కీని తయారుచేసినవాళ్లే తమ చర్చావేదికలో పెడుతుంటారు. ఆ కీకి గడువుంటుంది. అయిపోతే కొత్తది తెచ్చి అతికించాలి. 'ఈ వెర్షన్ పాతబడింది' అని వచ్చినా కంగారు పడక్కర్లేదు, కొత్త వెర్షన్ వేసుకుంటే చాలు. ఆరు బ్లూరేలే కాబట్టి ఒక్క కీ గడువులోనే పని అయిపోతుంది. బ్లూరే డ్రైవ్ ఉందిగా? మామూలు డీవీడీ డ్రైవ్ ఎర్ర లేజర్‌తో చదువుతుంది, బ్లూరేకి నీలి లేజర్ కావాలి. సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు.

జవాబు 2:
వీడియోలను కుదించే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాం వాడండి. పూర్తి ఉచితం, జీపీఎల్ (ఓపెన్‌సోర్స్ లైసెన్సు), ఏ కీ అక్కర్లేదు. ఒక్కో సినిమా 1 జీబీకి కుదించుకోవచ్చు.

జవాబు 3:
పైవారు రెండు విషయాలు కలిపేశారు. జీపీఎల్ అనేది హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాంకి ఇచ్చిన లైసెన్సు. సినిమా మీద అది ఏ హక్కూ ఇవ్వదు. పైగా హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను డిస్క్ తాళం, అంటే కాపీ కాకుండా పెట్టిన ఎన్‌క్రిప్షన్, తీయదు. తాళమున్న డీవీడీని నేరుగా ఇస్తే స్కాన్ దగ్గరే ఆగిపోతుంది, లేదా బొమ్మంతా రంగురంగుల గళ్లుగా వస్తుంది. ముందు మేక్‌ఎంకేవీతో ఎంకేవీ అనే వీడియో ఫైల్‌గా తీసి, ఆ ఫైల్‌ని దానికివ్వాలి.

చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(ఎ) సొంత వాడకానికి 'న్యాయమైన' మేరకు వీలిస్తుంది. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ ప్రకారం, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ 'ఉద్దేశం' అన్న మాటే కీలకం. మీ డిస్క్ మీ అల్మారాలోనే ఉంచుకుని ఇంట్లో చూసుకుంటే వాదించడానికి చోటుంది. అలాగని అది రాసిచ్చిన అనుమతిపత్రమేమీ కాదు. కాపీ ఉంచుకుని డిస్క్ అమ్మేసినా, ఫైల్ చుట్టాలకు పంచినా ఆ వాదన నిలవదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోకండి. అక్కడ 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ఉద్దేశం ఏదైనా తాళం తీయడమే తప్పు.

వీసీడీకి తాళం తీసే గొడవే లేదు, దానికి ఎన్‌క్రిప్షన్ ఉండదు.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి కుదించాలా, వద్దా?

జవాబు 1:
ఇప్పుడే వద్దు. లెక్క చూడండి. రెండు పొరల డీవీడీ 8.5 జీబీ. సగటున 6 అనుకున్నా నూటయాభైకి 900 జీబీ. వీసీడీ ఒక్కోటి 700 ఎంబీ, అంటే 70 జీబీ. బ్లూరేలు 35 చొప్పున 210. మొత్తం 1.2 టీబీ లోపే. 2 టీబీ డిస్కులు రెండు కొనండి, ఒకటి వాడకానికి, రెండోది అచ్చంగా అదే కాపీ. ఫార్మాట్ ఫ్యాట్32 మాత్రం వద్దు, 4 జీబీ దాటిన ఫైల్ అందులోకి ఎక్కదు. టీవీకి తగిలించాలంటే ఎక్స్‌ఫ్యాట్ చూడండి.

కుదించొద్దనడానికి అసలు కారణం చోటు కాదు. మన డీవీడీల్లో చాలావాటి బొమ్మ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము సరి, బేసి గీతల రెండు సగాలుగా ఉంటుంది. పాటలో డాన్సరు చెయ్యి విసిరిన చోట ఆపి చూడండి, చేతి అంచు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఆ పళ్లు పోగొట్టే డీకోంబ్ ఫిల్టర్ పెట్టకుండా కుదిస్తే ఆ పళ్లు బొమ్మలోనే గడ్డకట్టేస్తాయి, తర్వాత శుభ్రంగా తీయలేం. అసలు ఫైల్ ఉంటే ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. కుదించక తప్పదంటే ఎక్స్264 ఎన్‌కోడర్, ఆర్ఎఫ్ (నాణ్యత అంకె; తగ్గితే నాణ్యత పెరుగుతుంది) 18 నుంచి 20, ఇంటర్‌లేస్ డిటెక్షన్, డీకోంబ్ రెండూ ఆన్. సబ్‌టైటిల్ దగ్గర 'బర్న్ ఇన్' టిక్కు తీసేయండి, లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలు బొమ్మకి శాశ్వతంగా అంటుకుంటాయి.

డిస్క్ తెరిచాక ప్రకటనలు, పాటలు, ట్రైలర్లు వేర్వేరు టైటిళ్లుగా కనిపిస్తాయి. రెండు గంటలు దాటినదే సినిమా. పాటల టైటిల్ ఉంచుకోవాలంటే ఉంచుకోండి, చాలాసార్లు అవి సినిమాలో ఉన్నవే.

జవాబు 3:
కంప్యూటర్‌లోని సినిమాలను టీవీకి పంపడానికి జెల్లీఫిన్ అనే సర్వర్ ప్రోగ్రాం పెట్టుకోండి, జీపీఎల్ లైసెన్సే. ఒక చిక్కుంది. డీవీడీ సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. టీవీ యాప్‌కి అవి చూపించడం రాకపోతే, సర్వర్ వాటిని ప్రతి ఫ్రేములో కలిపి మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. పాత ల్యాప్‌టాప్ అక్కడే ఆయాసపడి సినిమా ఆగి ఆగి వస్తుంది. సబ్‌టైటిల్ ఆపి చూడండి, సాఫీగా నడిస్తే దోషం అదే. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ప్రోగ్రాంతో ఆ బొమ్మల్ని అక్షరాలుగా మార్చుకోవచ్చు. కాసిన్ని తప్పులు దిద్దుకోవాలి.

అడిగినవారు:
వీసీడీలో సినిమా ఉండే .DAT ఫైల్ కాపీ చేస్తుంటే మధ్యలో ఎర్రర్ వస్తోంది. గీతలు పెద్దగా లేవు.

జవాబు 3:
వీసీడీ సినిమా భాగంలో, ఎక్కువ నిమిషాలు పట్టాలని, మామూలు డేటా సీడీకి ఉండే అదనపు దిద్దుబాటు పొర తీసేశారు. ప్లేయర్‌లో అయితే ఒక మెరుపులా వచ్చి దాటిపోయే దోషం, ఫైల్ కాపీలో పనంతా ఆపేస్తుంది. లైనక్స్‌లో వీసీడీఇమేజర్ ప్యాకేజీలోని వీసీడీఎక్స్‌రిప్‌తో తీయండి, అది ఆ సెక్టార్లను (డిస్క్‌లోని డేటా ముక్కలను) వాటి పద్ధతిలోనే చదువుతుంది. సినిమా రెండు వీసీడీల్లో ఉంటే, తర్వాత ఆ రెండు డిస్కుల ఎంపెగ్ వీడియో ఫైళ్లను ఎంకేవీటూల్‌నిక్స్ ప్రోగ్రాంలో 'అపెండ్' చేస్తే ఒక్కటవుతాయి, మళ్లీ ఎన్‌కోడ్ అక్కర్లేదు.

దానికి ముందు డిస్క్ తుడవండి. గుండ్రంగా కాదు, నడిమి నుంచి అంచుకి తిన్నగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే పోయి వరసగా ఉన్న డేటానంతా మింగుతుంది. అడ్డంగీత పడితే దిద్దుబాటు సర్దుకుంటుంది. అప్పటికీ చదవకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ వదిలేసినదాన్ని ఇంకొకటి చదవడం మామూలే.