ఎండాకాలం ఎస్.ఎన్.ఎఫ్. కోత: తప్పు మేతదా, కొలతదా?

చర్చాంశం: ఆవుపాలలో ఎస్.ఎన్.ఎఫ్. (కొవ్వు, అంటే ఫ్యాటు కాక పాలలో ఉండే ఘనపదార్థం) 8.3 శాతం కిందికి దిగితే పాల సంఘం లీటరు ధర కోస్తుంది. ఎండాకాలంలో ఆ కోత రైతు మీద వేయడం న్యాయమేనా? ఉమ్మడి అనంతపురం జిల్లా పాడి రైతులు, సంఘాలవాళ్లు చెప్పండి.

కదిరి పాడిరైతు:
న్యాయం కాదు. పాలు పలచన అని తేల్చేముందు లాక్టోమీటరు ఎట్ల వేస్తున్నారో చూడండి. అది పాలలో తేలేసి చిక్కదనం చూసేది, 27 డిగ్రీల పాలకు గీతలు పెట్టిన సాధనం. పితికి నేరుగా తెచ్చిన పాలు 35 డిగ్రీల దాకా ఉంటాయి, పైన నురుగు, లోపల గాలి. అప్పుడు లాక్టోమీటరు ఇంకాస్త మునిగి తక్కువ చూపిస్తుంది. రీడింగు 28, ఫ్యాటు 3.8 అనుకోండి. ఎస్.ఎన్.ఎఫ్. సూత్రం ప్రకారం 28లో నాలుగోవంతు 7, ఫ్యాటులో పావు 0.95, దానికి 0.44 కలిపితే 8.39. రీడింగు 27 అయితే 8.14. పాలు అవే, ఒక్క గీతతో కోతలో పడినాయి.

సంఘం కార్యదర్శి, ధర్మవరం:
లాక్టోమీటరు సంగతి నిజమే అన్నా. అనలైజరు (పాలు పరీక్షించే యంత్రం) ఉన్నచోట వేడిని చాలావరకు అదే సర్దుకుంటుంది. దాని రోగం వేరే. రోజూ ద్రావణంతో కడగకపోతే లోపల పాలగార పడుతుంది. ఆవుపాలు పోసేటప్పుడు ఎనుము (గేదె) సెట్టింగులో ఉన్నా అంకె తప్పే.
సంఘం ఇరుకు కూడా చూడండి. ఊరి పాలన్నీ కలిపి శీతల కేంద్రంలో మళ్లీ పరీక్షిస్తారు. అక్కడ 8.1 వస్తే మాకు 8.1 ధరే. సభ్యులకు 8.3 ధర ఇస్తే ఆ తేడా ఎక్కడ తెచ్చేది? టెస్టరు జీతం, కరెంటు, పరీక్షకు ఆసిడ్ అన్నీ సంఘానికి వచ్చే కమీషన్లోనే.

పశువైద్య సహాయకుడు:
ఆవు దగ్గరికి ఎవరూ రాలేదు. శెనక్కాయ కట్టె వామి ఏప్రిల్‌కు అయిపోతే మిగిలేది ఒట్టి వరిగడ్డి. శక్తి చాలక పాలలో ప్రోటీను తగ్గుతుంది. 10 లీటర్ల ఆవుకు పచ్చిమేత 20–25 కిలోలు, ఎండుమేత 5, దాణా 5–5.5 కిలోలు, ఖనిజ మిశ్రమం 50 గ్రాములు కావాలి. మేత తగ్గించి దాణా ఒక్కటే పెంచితే ఫ్యాటు కూడా పడిపోతుంది.
పైకి కనపడని పొదుగువాపునూ మరవకండి. దాంతో లాక్టోజు తగ్గుతుంది, ఎస్.ఎన్.ఎఫ్. దిగుతుంది. నాలుగు చన్నుల పాలూ నాలుగు గుంటల పళ్లెంలో విడివిడిగా పితికి, పాలెంతో అంతే సి.ఎం.టి. (పొదుగువాపు పరీక్ష) ద్రావణం పోసి తిప్పండి. జిగురు కట్టిన చన్నుకు వాపున్నట్టే.

కదిరి పాడిరైతు:
మేత మాట ఒప్పుకుంటా. కానీ ఆవు తప్పా, కొలత తప్పా తేల్చే దారి ఒకటుంది. బిల్లు వేసేముందు ప్రతి సభ్యుని లీటర్లను వాళ్ల ఎస్.ఎన్.ఎఫ్.తో హెచ్చించి, కూడి, మొత్తం లీటర్లతో భాగించండి. పక్కనే శీతల కేంద్రం అంకె రాయండి. రెండూ 8.1 అయితే కోతను ఎవరూ కాదనరు. మా సంఘం సగటు 8.1, శీతల కేంద్రంలో 8.3 అయితే ఆ తేడా రైతు చెంబులోంచి పోయినట్టే. ఆ రెండంకెలూ సంఘం పాలు పోసే సెంటరు గోడ మీద రాస్తారా?

సంఘం కార్యదర్శి, ధర్మవరం:
రాస్తాం. అయితే సూత్రం రెండుచోట్లా ఒకటే ఉండాలి. ఒకచోట 0.44, ఇంకోచోట 0.35 కలిపితే అవే పాలకు 0.09 తేడా వస్తుంది. నమూనా కూడా క్యానులో పాలను ప్లంజరుతో (కలిపే కడ్డీతో) బాగా కలిపి తీయాలి. పైపైన ముంచితే ఫ్యాటు ఎక్కువ, లాక్టోమీటరు తక్కువ. ఏ సూత్రమో సంఘాల పైనుండే పాల యూనియను రాతపూర్వకంగా ఇవ్వాలి.

కదిరి పాడిరైతు:
ఆ రాత వచ్చేదాకా కోత ఆపండి మరి.

సంఘం కార్యదర్శి, ధర్మవరం:
నా ఒక్కడి చేతిలో లేదన్నా. పాలకవర్గం తీర్మానం కావాలి. మీరు సంతకాలతో అర్జీ ఇస్తే వచ్చే సమావేశంలో పెడతా.