బుసువా (ఘానా)లో సర్ఫింగ్‌కి వెళ్తే మలేరియా రాకుండా ఏ మాత్ర మేలు?

జనవరిలో మూడు వారాలు బుసువాలో ఉండాలని ప్లాన్. నేర్చుకునేవాళ్లకి అప్పుడే నయం, పెద్ద అలలు మే–ఆగస్టుల్లో. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే పడాలి కాబట్టి అది అయిపోయింది. చిక్కంతా మలేరియా మాత్రతోనే.

డాక్సీసైక్లిన్ చవక. కానీ ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, వచ్చాక కూడా 4 వారాలు మింగాలి. మింగిన వెంటనే బోర్డు మీద బోర్లా పడుకుంటే గొంతులో మంట రావచ్చు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చాక 7 రోజులు చాలు, ధరే బాగా ఎక్కువ. డాక్సీ రాత్రి భోజనంతో వేసుకుని, పొడుగు చేతుల రాష్‌గార్డ్‌తో (సర్ఫింగ్‌లో ఎండ తగలకుండా వేసుకునే బిగుతు చొక్కా) నెట్టుకొచ్చినవాళ్లున్నారా? మోకాళ్ల వెనక ఎండ తగలకుండా ఏం చేశారు?

ఇంకోటండీ: తకోరాడి నుంచి అగోనా దాకా ట్రోట్రోలో (అక్కడి షేర్ మినీబస్సు), అక్కణ్నుంచి షేర్ టాక్సీలో 6 అడుగుల బోర్డు ఎక్కనిస్తారా? అద్దె బోర్డే మేలంటారా?