ఎనామిల్ పూతకు ఇంజన్ తుక్కు పనికొస్తుందా?

కావలి నుంచి:
మాది చిన్న పోత కార్ఖానా, దోసె పెనాలు పోస్తాం. ఎనామిల్ (గాజు పూత) పెనాలూ చేయాలని ఎంతో ఆశగా ఉంది. పాత ఇంజన్ బ్లాకుల తుక్కు చవకగా దొరుకుతోంది. వాడవచ్చా?

ఒంగోలు నుంచి:
మామూలు పెనాలకు వాడుకోండి తమ్ముడూ, ఎనామిల్‌కు మాత్రం వద్దు. బ్లాకులు అరగకుండా ఉండాలని వాటిలో పెర్లైట్ (ఇనుములో గట్టిగా ఉండే ఒక నిర్మాణం) ఎక్కువ ఏర్పడేలా కొన్ని లోహాలు కలిపి పోస్తారు. తుక్కును కరిగించినా అవి మిగిలి, మీ పెనాల్లోనూ పెర్లైట్ పెంచుతాయి. అంటే ఇనుముతో కలిసిపోయిన కార్బన్ ఎక్కువ. పూతను 700 డిగ్రీలు దాటించి కాల్చేటప్పుడు ఆ కార్బన్ వాయువై పైకి తన్నుకొస్తుంది. గాజు పొర మీద బుడగలు, సూదిబెజ్జాలు దానివల్లే. ఫెర్రైట్ (కార్బన్ దాదాపు కలవని మెత్తని ఇనుము) ఎక్కువున్న బూడిదరంగు పోత ఇనుము తీసుకోండి. అందులో కార్బన్ చాలావరకు గ్రాఫైట్ రేకులుగా విడిపడి ఉంటుంది. సిలికాన్ 2 శాతం పైనే ఉండాలి, గంధకం తక్కువగా ఉండాలి. మంచి దుక్క ఇనుముకు (కొలిమి నుంచి వచ్చే ముడి ఇనుము దిమ్మెలకు) పెట్టే డబ్బు దండగ కాదు, నమ్మండి.

నెల్లూరు నుంచి:
అంచుల సంగతి మరవకండి. పలచని చోట త్వరగా చల్లారి తెల్ల ఇనుము అవుతుంది, అంటే అక్కడా కార్బన్ ఇనుముతో కలిసిపోయి ఉంటుంది. ఒక పెనం విరిచి చూడండి, అంచు తెల్లగా మెరిస్తే అనీలింగ్ (మళ్ళీ బాగా వేడిచేసి నెమ్మదిగా చల్లార్చడం) తప్పదు. శుభ్రం చేయడానికి ఆమ్లం వాడవద్దు, రంధ్రాల్లో నిలిచిపోతుంది. గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువులను వేగంగా చిమ్మి శుభ్రం చేయడం) చేయించండి.

కావలి నుంచి:
అన్నా, మా అంచు 3 మిల్లీమీటర్లే. పెంచాలా?

నెల్లూరు నుంచి:
పెంచండి. అడుగు మందానికి దగ్గరగా ఉంటే కాల్చేటప్పుడు వేడి సమంగా పడుతుంది.