టీం గ్రూపులో పడిన వనభోజనం కార్డు: ఆఫీసులో కులం గురించి మాట్లాడాలా, వదిలేయాలా?

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్ (చర్చ మొదలుపెట్టినవారు):

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టీం లీడ్‌ని. మొత్తం 14 మందిమి, అందులో 11 మంది తెలుగువాళ్ళం. మొన్న కార్తీకమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం మా టీం వాట్సాప్ గ్రూపులో ఒక కార్డు వచ్చి పడింది. ఉసిరి చెట్టు బొమ్మ, దాని కింద ఒక కులం పేరు, ఆ కింద 'కార్తీక వనభోజనాలు, మొయినాబాద్ దగ్గర ఫాంహౌస్, మనవాళ్ళందరూ కుటుంబ సమేతంగా రాగలరు' అని. వేరే గ్రూపుకి పంపబోయి పొరపాటున ఇక్కడ పెట్టాడు మా కుర్రాడు. రెండు నిమిషాల్లో డిలీట్ చేశాడు కానీ అప్పటికే చూడాల్సినవాళ్ళు చూసేశారు.

సోమవారం టీ మెషిన్ దగ్గర ఎవరూ ఆ ఊసెత్తలేదు. క్రికెట్ మాట్లాడుకున్నారు. ప్రతి చిన్నదానికీ వాడిని ఆటపట్టించే ఇద్దరు కూడా కప్పులు కడుక్కుని వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కార్డు నాకు మూడు రోజుల ముందే ఇంకో గ్రూపులో వచ్చింది. నాదీ అదే కులం.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే వారం మా ఆఫీసులో ఇంక్లూజన్ వీక్. 'ఇక్కడ అందరూ మనవాళ్ళే' అని తెలుగులో పోస్టర్ వేయించారు. ఒక అరగంట సెషన్ నన్ను చేయమన్నారు. వాళ్ళిచ్చిన స్లైడ్లలో ఆడవాళ్ళ గురించి ఉంది, దివ్యాంగుల గురించి ఉంది, ట్రాన్స్‌జెండర్ల గురించి ఉంది. కులం అన్న మాట ఎక్కడా లేదు. లిఫ్టు పక్కనే ఉన్న ఆ పోస్టర్ చూసినప్పుడల్లా నాకు కార్డు గుర్తొస్తోంది. రెండింటి మీదా ఉన్నది ఒకటే మాట కదా, మనవాళ్ళు.

సెషన్‌లో ఎత్తాలా? ఎత్తితే ఎవరు నొచ్చుకుంటారో, నోరు జారితే ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. మొహమాటం లేకుండా చెప్పండి.

చల్ల మిరపకాయ:

అప్రైజల్ అయ్యాక మాట్లాడు అన్నా.

కృష్ణలంక కుర్రోడు:

వద్దు. సీరియస్‌గానే చెప్తున్నా. మా టీంలో ఎవరిది ఏ కులమో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఎనిమిదేళ్ళుగా కలిసి తింటున్నాం, ఒకరి బాక్సులో ఒకరు చెయ్యి పెడుతున్నాం. ఇప్పుడు ఎవరో మైకు పట్టుకుని కులం అనగానే అందరి కళ్ళూ ఎటు తిరుగుతాయో తెలుసా? రిజర్వేషన్‌లో చదివొచ్చాడని అనుమానం ఉన్న ఒక్కడి మీదికి. వాడు ఆ అరగంటా తల వంచుకుని ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చుంటాడు. నీ మనసు తేలికపడటానికి వాడిని బజారుకీడుస్తావా? పైగా ఒక్క మాట అటూ ఇటూ అయితే అట్రాసిటీ కేసు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడివి.

వనభోజనాలు ఆదివారం సంగతి. దాన్ని సోమవారం ఆఫీసుకి మోసుకురావద్దు.

కూకట్‌పల్లి టులెట్:

ఆఫీసుల్లోనే ఈ భయాలన్నీ. ఇంటి ఓనర్లకి ఏ భయమూ లేదు. అడ్వాన్స్ మాట్లాడేలోపే "మీరేవిట్లు?" అని అడిగేస్తారు. నన్ను మాత్రం అడగరు. ఫోన్లో నా పేరు వినగానే "ఇల్లు నిన్ననే అయిపోయింది భాయ్" అంటారు. బోర్డు ఇంకో నెల వేలాడుతూనే ఉంటుంది.

పల్లెదారి:

కృష్ణలంక గారూ, ఎవరి కులమూ మీకు తెలీదంటున్నారు. నమ్ముతాను. మీ కులం గురించి ఎవరైనా ఆరా తీశారా అని ఎప్పుడైనా ఆలోచించాల్సిన అవసరం మీకు పడిందా?

మాది ప్రకాశం జిల్లా. ఈ ఫీల్డులో 11 ఏళ్ళు. ఆఫీసులో నన్ను సూటిగా కులం అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అడిగే తీరు వేరే. ముందు "ఇంటిపేరేంటి?" అంటారు. చెప్తే వాళ్ళకి అంతుపట్టలేదు, మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. తర్వాత "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" మా వైపు ఊరు వేరు, ఊరికి ఎడంగా ఉండే పల్లె వేరు. పల్లె అంటే ఏంటో మా జిల్లావాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. "సెంటర్‌కి దగ్గరేనండీ" అని తప్పించుకున్నాను. మూడోదాన్ని తప్పించుకోలేం: "ఎంసెట్‌లో ర్యాంకెంత?" చదివిన కాలేజీ ఎలాగూ ప్రొఫైల్లో ఉంటుంది. ర్యాంకు చెప్పగానే ఎదుటివాళ్ళు మనసులో లెక్క వేసుకోవడం మొహంలో కనబడిపోతుంది. ఆ ర్యాంకుకి ఆ కాలేజీలో సీటా... ఓహో. అంతా కలిపి రెండు సెకన్లు. తర్వాత "సూపర్ అండీ" అంటారు.

ఒకే ఒక్కసారి, బాగా దగ్గరైన స్నేహితురాలికి నేనే చెప్పాను. ఆవిడ చిన్నచూపు చూడలేదు, దూరం జరగలేదు. మర్యాద మొదలుపెట్టింది. అంతకుముందు నా కోడ్‌లో తప్పుంటే "ఏంటే ఈ చెత్త?" అనేది. ఆ తర్వాత "పర్లేదులే, నేను సరిచేస్తాలే" అనడం మొదలైంది. ఏప్రిల్ 14 పొద్దున్నే అంబేద్కర్ ఫొటోతో నాకు శుభాకాంక్షలు. ప్రేమతోనే పంపింది పాపం. నాకైతే ఆ 'చెత్త' మళ్ళీ వినాలని ఉంది.

ఈ పోస్టు పెట్టినాయనకి తప్పుమాట దొర్లుతుందేమోనని భయం. నాకు తెలిసిపోతుందేమోనని భయం. రెండూ కలిపి ఒకే మూట కట్టకండి. మాట జారితే సారీ చెప్పుకోవచ్చు. నాది ఒకసారి తెలిశాక ఇక అంతే.

అయినా ఒక్క విషయంలో కృష్ణలంక గారి వైపే ఉంటాను. మాలో ఒకరిని లేపి నిలబెట్టి "మీ అనుభవం పంచుకోండి" అనే సెషన్ అయితే వద్దే వద్దు.

హెచ్చార్ అక్క:

స్లైడ్లలో కులం ఎందుకు లేదో నేను చెప్తాను, అలాంటివి తయారుచేసినదాన్నే కాబట్టి. కుట్ర ఏం లేదు. చట్టం దేన్ని తప్పనిసరి చేస్తే అది స్లైడ్ ఎక్కుతుంది. ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ వేయాల్సిందే. దివ్యాంగుల హక్కులకి 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్ల హక్కులకి 2019 చట్టం. సమాన అవకాశాల పాలసీ రాసి పెట్టుకోమని వీటి కింద ప్రైవేటు కంపెనీలకీ నిబంధన ఉంది. కులానికి వచ్చేసరికి 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, అది పోలీస్ స్టేషన్ దారి. ఆఫీసులోనే ఫిర్యాదు తీసుకునే కమిటీ వేయమని ప్రైవేటు కంపెనీకి చెప్పే చట్టం లేదు. అయితే నోరు మూసుకుని ఉండాలి, లేదంటే ఎఫ్‌ఐఆర్. మధ్యలో మెట్టు లేదు. కాబట్టే రెండు వైపులా ఇంత భయం.

ఇక కేసు సంగతి, కృష్ణలంక తమ్ముడూ. కులం అన్న మాట ఎత్తితే కేసు అవదు. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కావాలని, నలుగురి కంటపడే చోట అవమానిస్తే నేరం. ఆ కులంవాళ్ళన్న కారణంతో చేసిన అవమానమై ఉండాలని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సెషన్‌లో మర్యాదగా మాట్లాడేవాడికి దాంతో పనేముంది? కులం పేరునే తిట్టుగా వాడే అలవాటున్నవాళ్ళు మాత్రం భయపడితే మంచిదే.

సియాటిల్ వాన:

మేం ఇక్కడ ఈ గొడవంతా చూసేశాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కౌన్సిల్ వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని కూడా చేర్చింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం ఇదే. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు సభల్లో పాసై గవర్నర్ న్యూసమ్ దగ్గర ఆగింది. ఉన్న చట్టాల్లోనే ఆ నిషేధం ఉందని అక్టోబరులో వీటో చేశాడు. ఆ నెలల్లో మా పాట్‌లక్‌లు ఎలా నడిచాయో అడక్కండి. మనందర్నీ దోషుల్లా చూపిస్తున్నారని ఒకరు, ఇంత దూరం వచ్చి కూడా దాక్కోవాలా అని ఇంకొకరు. పప్పు గిన్నె అటు ఉంది, అన్నం గిన్నె ఇటు ఉంది, ఎవరూ అందించరు. రెండు కుటుంబాలకి ఇప్పటికీ మాటల్లేవు.

నేను అప్పట్లో వద్దన్నవాళ్ళ వైపు. ఒకరోజు కార్లో మా అమ్మాయి అడిగింది, "ఇన్ని తెలుగు అసోసియేషన్లు ఎందుకు నాన్నా?" అని. దానికి పన్నెండేళ్ళు. జవాబు నాకు తెలుసు. "మనవాళ్ళు ఎక్కువమంది కదమ్మా" అన్నాను. చట్టం విషయంలో నా అభిప్రాయం ఇంకా పూర్తిగా మారలేదు కానీ, మాట్లాడటం వల్లే కులం పుట్టుకొస్తోందని మాత్రం ఇక అనలేను.

రామంతాపూర్ టీచర్:

2024 నవంబరులో తెలంగాణ సర్కారు ఇంటింటికీ చేసిన కులగణన సర్వే డ్యూటీ పడ్డవాళ్ళలో నేనొకడిని. బస్తీలో కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, వాకిట్లోనే కులం గట్టిగా చెప్పారు. అపార్ట్‌మెంట్లలో కథ వేరు. ఒకాయన నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు, పనిమనిషిని వంటింట్లోకి పొమ్మన్నాడు, అప్పుడు చెప్పాడు. ఇంకో ఇంట్లో ఆ ఒక్క గడి దగ్గరకి రాగానే నా చేతిలో పెన్ను తీసుకుని తనే నింపాడు.

తర్వాత సర్కారు లెక్క చెప్పింది, తెలంగాణ జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఆ లెక్కన మీ పద్నాలుగు మందిలో ఇద్దరో ముగ్గురో ఎస్సీలు, ఒకరు ఎస్టీ ఉండాలె. ఉన్నారో లేరో మీరు అడగొద్దు, నేనూ అడగను. లేకపోతే ఎందుకు లేరో మాత్రం ఆలోచించండి.

కృష్ణలంక కుర్రోడు:

అక్కా, చట్టం సంగతి నిజంగా తెలీదు, థాంక్స్. పల్లెదారి గారూ, ఆ ర్యాంకు ప్రశ్న నేనూ అడిగాను. చాలామందిని. ఊరికే అడుగుతున్నాననే అనుకున్నా. ఇప్పుడు గుర్తు చేసుకుంటే మీరు చెప్పిన లెక్క కూడా వేసినట్టే ఉన్నా.

సెషన్ వద్దన్న మాట మీద మాత్రం ఉన్నా.

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:

టీచర్ గారూ, మీ పోస్టు చదివాక టీం లిస్టు ముందేసుకుని కూర్చున్నాను. ఎవరేంటో నాకు తెలీదు, వెతకను కూడా. తెలిసింది ఒకటుంది. మా 11 మందిలో నలుగురు రిఫరల్ మీద వచ్చారు. ఆ నలుగురి రెజ్యూమేలూ నాకు వనభోజనం కార్డు వచ్చిన గ్రూపులోంచే వచ్చాయి. నా మొదటి ఉద్యోగం కూడా అందులోని ఒక పెద్దాయన చలవే. అప్పుడు వాట్సాప్ లేదు, యాహూ గ్రూపు ఉండేది.

కాబట్టి ఎవరో నొచ్చుకుంటారని పైన రాశానే, అది సగమే నిజం. 'మనోడే మన పరువు తీశాడు' అని ఆ గ్రూపులో అంటారు, దానికే అసలు భయం. మా తమ్ముడికి సంబంధాలు కూడా అక్కడే చూస్తున్నాం.

కార్డు పంపిన కుర్రాడితో నిన్న మాట్లాడాను. "ఎవరైనా తిడితే బాగుండేది అన్నా. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఏమనుకుంటున్నారో తెలీక వారం రోజులు టీకి రాలేదు" అన్నాడు. వాడు రాలేదని నేను గమనించనేలేదు.

హెచ్చార్ అక్క:

సెషన్ కన్నా ముందు చేయాల్సిన పని నీ చేతిలోనే ఉంది తమ్ముడూ. ఖాళీ వచ్చినప్పుడు ఆ గ్రూపులో ఒక్కచోటే వేయకు. గవర్నమెంట్ కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకి పంపు, గురుకుల డిగ్రీ కాలేజీలకి పంపు. దానికి మైకు అక్కర్లేదు.

పల్లెదారి:

మైకు కూడా పట్టుకోండి. కాకపోతే మీ గురించి మాత్రమే చెప్పండి. ఎవర్నీ ఏమీ అడక్కండి. ర్యాంకులు అడగడం మానేద్దాం అని ఒక్క మాట అనండి, అర్థం కావాల్సినవాళ్ళకి అవుతుంది. తర్వాత ఎవరైనా మీ దగ్గరికి వస్తే వినండి. రాకపోతే గుచ్చి గుచ్చి అడక్కండి.

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:

మొదలు ఇలా రాసుకున్నాను, చూడండి: "మొన్న మన గ్రూపులో పడి డిలీట్ అయిన కార్డు నాకూ వచ్చింది, ఏటా వస్తుంది. ఈ టీంలోకి నలుగురిని ఆ కార్డు వచ్చిన గ్రూపులోంచే తెచ్చాను. ఇకనుంచి రెజ్యూమేలు అక్కడ ఒక్కచోటే అడగను."

కృష్ణలంక కుర్రోడు:

రెండో వాక్యం తీసెయ్ అన్నా. ఆ నలుగురి కులం నువ్వే మైకులో చెప్పేసినట్టు. వాళ్ళు ఎవరో కనుక్కోవడానికి టీంవాళ్ళకి ఎంతసేపు పడుతుంది? ఎవర్నీ బయటపెట్టొద్దనేగా పైనుంచీ అనుకుంటున్నాం. వాళ్ళది పై కులమైతే ఫర్వాలేదా?

పల్లెదారి:

ఆయన చెప్పింది నిజమే. నాకిది తట్టలేదు. కానీ మొత్తం తీసేస్తే మిగిలేది పోస్టర్ మీద ఉన్న మాటే.

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:

'నలుగురిని' తీసేసి 'నా మొదటి ఉద్యోగం' అని పెట్టాను. గురువారం మూడింటికి సెషన్.

చల్ల మిరపకాయ:

ఇంతకీ అప్రైజల్ ఎప్పుడన్నా?

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:

మార్చిలో. మా మేనేజర్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు.