మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.7 నుంచి 8.0కి మారాక మెమరీ చాలట్లేదు, ఏం కోయాలి?

చిన్నసర్వరు: మైఎస్‌క్యూఎల్ 5.7కి 2023 అక్టోబరుతో సపోర్టు ఆగిపోయిందని 8.0కి మార్చాను. ర్యామ్ 1 జీబీ, వెబ్ సర్వరూ అందులోనే. రెండ్రోజులకోసారి ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రోగ్రాముల్ని ఆపేసే లినక్స్ ఏర్పాటు) డేటాబేస్‌ని చంపేస్తోంది. బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచే చోటు) డిఫాల్టే, 128 ఎంబీ. ఇంకేం తగ్గించను?

తేలికకోడ్: ముందు ఆ బైనరీని, అంటే సర్వర్ ప్రోగ్రామ్ ఫైల్ని, స్ట్రిప్ చేయండి, కోడ్‌లో ఏ లైనో చెప్పే డీబగ్ సింబల్స్ ఊడిపోతాయి. వాటితో ఎంత లావుందో చూశారా? ప్రోగ్రామ్ సన్నబడితే మెమరీ అదే దిగుతుంది.

రాత్రిడ్యూటీ: దిగదండీ. సింబల్స్ డిస్క్ మీదే ఉంటాయి, నడిచేటప్పుడు ర్యామ్‌లోకి ఎక్కవు. 'షో ఇంజిన్ పెర్ఫార్మెన్స్_స్కీమా స్టేటస్' కొట్టి చిట్టచివరి వరస చూడండి, క్వెరీల తీరు గమనించే పెర్ఫార్మెన్స్ స్కీమా ఎంత మెమరీ తింటోందో అక్కడుంటుంది.

కొత్తసభ్యుడు: కాన్ఫిగ్‌లో క్వెరీ_క్యాష్_సైజ్ అనే పాత సెట్టింగ్ ఉంటే తీసేయండి. 8.0లో అది లేదు, సర్వర్ లేవదు.

చిన్నసర్వరు: లేస్తోందండీ, తర్వాతే పడుతోంది.

తేలికకోడ్: డిస్క్ మాత్రం ఊరికే వచ్చిందా? కంటెయినర్ ఇమేజీ (ప్రోగ్రామ్‌ని సర్ది పెట్టిన ప్యాకేజీ) లాగిన ప్రతిసారీ ఆ బరువు మోయాల్సిందే. ఏళ్లుగా స్ట్రిప్ చేస్తున్నా, ఏ సర్వరూ కూలలేదు.

రాత్రిడ్యూటీ: ఆయన అడిగింది ర్యామ్ గురించి! నేను చేరిన చోట ఒకాయన ఇలాగే స్ట్రిప్ చేసి వెళ్లిపోయారు. ఓ రాత్రి సర్వర్ క్రాషైంది. కోర్ డంప్‌ని (క్రాషైనప్పటి మెమరీ నకలు) జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిస్తే ఒక్క లైను నంబరు లేదు. తెల్లారేదాకా ఒక్కణ్నే కూచున్నా. తిట్లూ నాకే.

తేలికకోడ్: మీ పాత గొడవ నా నెత్తిన రుద్దకండి. పెర్ఫార్మెన్స్ స్కీమా ఆపమంటున్నారు, రేపు ఏ క్వెరీ ముంచుతోందో ఎలా చూస్తారు? రీస్టార్ట్ చేస్తే తప్ప మళ్లీ ఆన్ కాదు. కళ్లకు గంతలు కట్టమంటోంది మీరే.

రాత్రిడ్యూటీ: ఆపమని ఎక్కడన్నాను? చూడమన్నాను. నా బాధల్లా ఒకటే: కోసేది ఒకరు, అర్ధరాత్రి లేచేది ఇంకొకరు. స్ట్రిప్ చేసుకోండి, కాదనను. దానికి ముందు ఆబ్జ్‌కాపీ అనే టూల్‌తో సింబల్స్‌ని వేరే ఫైల్లోకి తీసి దాచండి.

తేలికకోడ్: బిల్డ్ ఐడీ (ఆ బైనరీ గుర్తింపు) కలవకపోతే ఆ ఫైలు దండగ. ప్రతి వెర్షన్‌కీ దాస్తూ కూచోవాలి, అంత ఓపిక ఎవరికుంది?

రాత్రిడ్యూటీ: కోసినవాళ్లకే ఉండాలి.

చిన్నసర్వరు: చివరి వరస చూశాను, 200 ఎంబీ దాటింది. టేబుల్_ఓపెన్_క్యాష్ (తెరిచి ఉంచే టేబుళ్ల పరిమితి) 4000 ఉంది, నాకున్నవి అరవై టేబుళ్లు. దాన్ని 400కి, మాక్స్_కనెక్షన్స్‌ని 151 నుంచి 30కి దించాను. స్కీమా ఇంకా ఆపలేదు.

రాత్రిడ్యూటీ: రాత్రి పడితే లేచేది ఎవరు?

చిన్నసర్వరు: నేనొక్కడినే.

రాత్రిడ్యూటీ: అయితే స్కీమా మీ ఇష్టం. సింబల్స్ మాత్రం దాచుకోండి.