5007 గీత ఇంత ఎత్తుంది, నిజంగా ఆక్సిజన్ అంత ఉందా?

కొత్తచూపు:
కుంభరాశిలో శని నెబ్యులా అనే మెరిసే వాయు మేఘం ఉంది కదా, ఎన్‌జీసీ 7009, దాని స్పెక్ట్రమ్, అంటే కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ, మొదటిసారి తీశాను. ఎనిమిదంగుళాల టెలిస్కోపు, స్లిట్ (సన్నటి చీలిక) ఉన్న స్పెక్ట్రోగ్రాఫు, రిజల్యూషన్ (పక్కపక్క గీతల్ని విడదీసే శక్తి) 600 దగ్గర. ఒక్కో ఫ్రేము ఐదు నిమిషాలు, అలాంటివి పన్నెండు కలిపాను. కెమెరా స్పందన సరిదిద్దాక, హైడ్రోజన్ గీతల్లో ఒకటైన హెచ్-బీటాని 100 అనుకుంటే ఒక్కో గీతకి వచ్చిన అంకెలివి (4363 లాంటివి ఆ గీతల తరంగదైర్ఘ్యాలు): 4363 ఆంగ్‌స్ట్రాముల దగ్గర 12, 4686 దగ్గర 16, 4959 దగ్గర 385, 5007 దగ్గర 730, హైడ్రోజన్‌దే ఎర్ర గీత హెచ్-ఆల్ఫా 310.

సందేహం సిల్లీగా ఉంటే తిట్టకండి. 5007 ఆక్సిజన్‌ది అంటున్నారు. అది హైడ్రోజన్ గీతకి ఏడు రెట్లుంది. పుస్తకాలేమో నెబ్యులాలో ఎక్కువ భాగం హైడ్రోజనే అంటాయి. గీత ఎత్తుని బట్టి మూలకం ఎంతుందో చెప్పలేమా? చెప్పలేకపోతే మరి కొలిచేదెలా?

గీతలక్కయ్య:
తమ్ముడూ, జవాబుకి ముందు నీ అంకెల్లో ఒకటి నా కంట్లో పడింది. 4959, 5007 రెండూ ఒకే అయాన్‌వి, అంటే ఎలక్ట్రాన్లు కొన్ని పోయిన ఒకే రకం ఆక్సిజన్‌వి, పైగా ఒకే శక్తి మెట్టు మీంచి దిగేటప్పుడు వచ్చేవి. వాటి నిష్పత్తి దాదాపు 3. వేడి మారనీ, సాంద్రత మారనీ, నెబ్యులాయే మారనీ, అది మాత్రం కదలదు. నీది 730 బై 385, అంటే 1.9. ఐదు నిమిషాల ఎక్స్‌పోజరుకి 5007 దగ్గర పిక్సెళ్లు నిండి పొర్లిపోయాయన్నమాట. ముడి ఫ్రేము తెరిచి చూడు, గీత కొస కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తుంది. ప్రస్తుతానికి 4959ని నమ్ము, కావాలంటే దాన్ని మూడుతో హెచ్చవేసుకో. వీలైతే అర నిమిషం ఫ్రేములు మళ్లీ తీయి.

ఇక అసలు సంగతి. హైడ్రోజన్ మొదటి మెట్టు ఎక్కాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. పదివేల కెల్విన్ వాయువులో ఎలక్ట్రాను సగటు శక్తి 1.3 మాత్రమే. అది గుద్దినా హైడ్రోజన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. హైడ్రోజన్ వెలగాలంటే తన ఎలక్ట్రాన్ని పోగొట్టుకుని, మళ్లీ ఎప్పుడో ఇంకోదాన్ని పట్టుకోవాలి. అది అంత తరచుగా జరిగే పని కాదు. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్‌కేమో రెండున్నర వోల్టుల ఎత్తులోనే ఓ మెట్టుంది. కాస్త చురుకైన ఎలక్ట్రాను తగిలితే చాలు, ఎక్కేస్తుంది. ఎక్కి అక్కడ అర నిమిషం పైనే తీరిగ్గా కూర్చుని, 5007 వదిలి దిగుతుంది. ల్యాబు వాయువులో అంతసేపు కూర్చోనివ్వరు, ఈలోగా ఇంకెవరో వచ్చి గుద్ది దించేస్తారు. అందుకే 1864లో విలియం హగ్గిన్స్ పిల్లికన్ను నెబ్యులాలో ఈ వెలుగు చూస్తే భూమ్మీద దానికి జోడీ దొరకలేదు. తర్వాత దానికి నెబ్యూలియం అని ఓ కొత్త మూలకాన్నే కట్టబెట్టారు. 1927లో ఐరా బోవెన్ ఇది ఆక్సిజనేనని లెక్కగట్టి తేల్చాడు. లేని మూలకం అన్నేళ్లు చలామణీ అయిందంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

అంచేత వేడి ఎంతో తెలియకుండా ఆ ఎత్తుకి అర్థం లేదు. వేడి చెప్పేది 4363, అదీ ఆ ఆక్సిజన్ అయాన్‌దే. అది 5.3 వోల్టుల పైమెట్టు నుంచి వస్తుంది, వాయువు వేడెక్కే కొద్దీ అక్కడికి ఎక్కగలిగే అయాన్లు పెరుగుతాయి. 4959, 5007 కలిపి 1540 అనుకో. దాన్ని నీ 12తో భాగిస్తే 128, అంటే సుమారు 11,800 కెల్విన్. ఆ వేడి దగ్గర పదివేల హైడ్రోజన్ అయాన్లకి ఈ ఆక్సిజన్ అయాన్లు రెండున్నర కూడా రావు. ఏడు రెట్లెక్కడ, ఇదెక్కడ!

అయితే ఆ 12 మీద నాకు నమ్మకం లేదు. నేనూ మొదట్లో ఇదే నెబ్యులాకి దగ్గర దగ్గర 12,000 కెల్విన్ తెచ్చి, స్నేహితులందరికీ గొప్పగా పంపాను. వీధి దీపాల్లోని పాదరసానికి 4358 దగ్గర ఓ గీత ఉంది. మన స్పెక్ట్రోగ్రాఫులో అది 4363తో కలిసిపోతుంది. ఆకాశం వెలుగు తీసివేయకుండా కొలిచి, దీపస్తంభానికి ఉష్ణోగ్రత చూశానన్నమాట. నీ స్పెక్ట్రమ్‌లో 5461 దగ్గర బుడిపె ఏమైనా ఉందా? అదీ పాదరసం గీతే.

ధూళిరేణువు:
ఒక ముక్క. హెచ్-ఆల్ఫా, హెచ్-బీటా నిష్పత్తి ఈ వేడికి 2.86 ఉండాలి. మీకు 3.1 వచ్చింది. దారిలో ధూళి నీలం కాంతిని కాస్త మింగింది. 4363 నీలం వైపుది కాబట్టి అదీ కొంచెం తగ్గి కనిపిస్తుంది. ఈ నెబ్యులాకి పెద్ద తేడా రాదు గానీ, వేరేవాటికి ముందు ఇది సరిచేయకపోతే వేడి తప్పుతుంది.

కొత్తచూపు:
అక్కా, ఉంది! 5461 దగ్గర సన్నగా, నిటారుగా, స్లిట్ పొడవునా పైనుంచి కిందిదాకా. నెబ్యులా గీతలు మధ్యలోనే ఆగిపోతే ఇదొక్కటే అంచుల దాకా పోయింది. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నా, పట్టించుకోలేదు. నెబ్యులాకి అటూ ఇటూ ఆకాశాన్ని కొలిచి తీసేస్తే 4363 కాస్తా 7.5కి దిగింది. రాత్రి 30 సెకన్ల ఫ్రేములు కూడా తీశాను, 5007 ఇప్పుడు 1150. నిష్పత్తి 2.99! ఈ లెక్కలు కట్టే ప్రోగ్రాము పైనెబ్‌లో పెడితే 10,100 కెల్విన్ దగ్గర వచ్చింది, పదివేలకి నాలుగు ఆక్సిజన్లు. అంత చిన్న గీత తప్పితే జవాబు ఇంతలా పడిపోతుందా!

గీతలక్కయ్య:
పడుతుంది మరి. ఇంకోటి, ఆ నాలుగు మొత్తం ఆక్సిజన్ కాదు. ఒక్క ఎలక్ట్రాన్ పోయినవి 3727 దగ్గర కనిపిస్తాయి, నీ కెమెరా అక్కడిదాకా పోతుందో లేదో చూసుకో. నీకు 4686 గీత, అంటే రెండు ఎలక్ట్రాన్లూ పోయిన హీలియం గుర్తు, ఉంది కాబట్టి మూడేసి ఎలక్ట్రాన్లు పోయినవీ కొన్ని ఉంటాయి, వాటి గీత కనిపించే కాంతిలో లేదు. హీలియం లెక్కతో వాటికి అంచనా వేసి కలుపుతారు.

పాతలెక్కలు:
ఆనందానికి అడ్డం పడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే 7009లో ఆక్సిజన్‌ని హైడ్రోజన్ తరహాలో, ఎలక్ట్రాన్ని పట్టుకునేటప్పుడు వచ్చే 4649 లాంటి గీతలతో కొలిస్తే దాదాపు ఐదు రెట్లు వస్తుంది. ఆ గీతలకి వేడితో పెద్దగా పని లేదు, కాబట్టి వాటి జవాబు వేడి కొలతలో తప్పు వల్ల వచ్చిందని తోసేయలేం. లోపల చల్లటి, ఆక్సిజన్ దట్టంగా ఉన్న ముద్దలున్నాయని కొందరు, వేడే చోటుచోటుకీ మారుతోందని కొందరు. తగువు ఇంకా తెగలేదు.

కొత్తచూపు:
మరి నేను ఏది రాసుకోను?

గీతలక్కయ్య:
నాలుగే రాసుకో, పక్కన ఏ గీతల నుంచి వచ్చిందో కూడా రాయి. 4649 హెచ్-బీటాలో నూటికి ఒకటి కూడా ఉండదు, నీ టెలిస్కోపుకీ నా టెలిస్కోపుకీ అందదు. ఆ 30 సెకన్ల ముడి ఫ్రేములు చెరిపేయకు, నాకోసారి పంపు.