అలంపూర్ మ్యూజియం ఫోన్ గైడ్: పుస్తకం తెలుగులనా, మన యాసలనా?

నడిగడ్డ_పోరడు:
అందరికీ నమస్తే. అలంపూర్ మ్యూజియం కోసం మేం నలుగురు దోస్తులం ఫోన్ గైడ్ ఒకటి తయారు చేస్తున్నం. యాప్ గాదు, బొమ్మ పక్కన క్యూఆర్ స్కాన్ చేస్తే పేజీ తెరుచుకుంటది, నిమిషం ఆడియో వస్తది. ఆడియో 64 కేబీపీఎస్‌ల (సెకనుకు 64 కిలోబిట్లు) పెడితే నిమిషానికి అర ఎంబీ గూడ గాదు, 30 బొమ్మలకు 15 ఎంబీల అయిపోతది, గేటు కాడ ఒక్కసారి దించుకుంటే లోపల సిగ్నల్ లేకున్నా నడుస్తది. బయటి గుళ్లకు గూడ పెడ్తున్నం. స్క్రిప్టుల ఒక ముక్క: "శ్రీశైలం ప్రాజెక్టు ముంపు కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలించబడినది." ఈ భాష ఉంచాల్నా, యాసల చదివియ్యాల్నా?

చౌరస్తా_చాయ్:
క్యూఆర్ అద్దం మీద అంటియ్యకుండ్రి, లైటు పడి కెమెరాకు దొరకదు. పక్కన పెద్దగ నెంబర్ గూడ రాయుండ్రి.

సంగమం_కాడ:
యాసలనే పెట్టాలె. ఒక పెద్ద మ్యూజియంకు మా అమ్మను తోల్కపోయిన, యాప్ దిగేసరికి అర్ధగంట, అప్పటిదాంక ఆమె నిలబడే ఉన్నది. దిగినంక ఆ గొంతు మాట్లాడింది ఒక్క ముక్క అర్థం గాలే ఆమెకు. "ఏమంటున్నడు బిడ్డా" అని నన్నే అడిగె.

రాతిబడి:
తమ్ముడూ, యాప్ బరువు వేరు, భాష వేరు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటి శిఖరాన్ని రేఖానాగరం అంటాం, పైన ఉండే చక్రం లాంటి రాయిని ఆమలకం అంటాం. వీటికి యాసలో మాటలెక్కడివి? బాదామి చాళుక్యుల పని గురించి చెప్పేటప్పుడు ఆ పేర్లు పిల్లల చెవిన పడాలి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, తెలిసే చెప్తున్నా.

సంగమం_కాడ:
ఆమలకం తీసెయ్యమని ఎవరన్నరు సార్? ఉసిరికాయ లెక్కుంటది చూడుండ్రి, అందుకే ఆ పేరు అని చెప్తే అయిపాయె. మీ టీచర్లకు మా నోట్లె మాటంటే ముందునుంచి చిన్నచూపే.

పాలమూరు_అక్క:
మ్యూజియంల ఉన్న లజ్జాగౌరి అమ్మవారి బొమ్మ ముందర స్కూలు పిల్లలు సిగ్గుపడి ఉరుకుతరు. తల జాగల తామరపువ్వు ఎందుకున్నది, సంతానం కోసం ఆడోళ్లు ఎట్ల మొక్కుతుండ్రి, ఇది చెప్తే నిలబడి చూస్తరు. ఏ భాషైనా సరే, చెప్పుండ్రి ముందు.

రాతిబడి:
చిన్నచూపా? హైదరాబాద్ కాలేజీలో చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే వెనక బెంచీ వాళ్లు నవ్వేవాళ్లు. రెండేళ్లు క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు నేను. సినిమాల్లో మన మాట ఎవరి నోట పెట్టారో మీకు తెలుసు. రేపు ఆ ఆడియో విని ఎవడన్నా నవ్వుకుంటూ పోతే నాకు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వద్దంటున్నా.

సంగమం_కాడ:
సార్, అది తెల్వక అన్న, నాదే తప్పు. కానీ నా కొట్లాట ఉత్త యాస కోసం గాదు. "తరలించబడినది" అన్న మాట చదివినప్పటి సంది కడుపుల మండుతున్నది. ఎవరు తరలించిన్రు? కృష్ణ, తుంగభద్ర కలిసే కాడ కూడవెల్లి మా అమ్మ కాపురానికొచ్చిన ఊరు. గుడి రాళ్లకు నెంబర్లు ఏసుకుంట విప్పి మళ్ల కట్టిన్రు. మా ఇంటి దూలాలు మేమే విప్పుకొని ఎడ్లబండి మీద ఏస్కొచ్చినం. ఇప్పటికీ అలంపూర్ పోతే ఆ గుడి గడప మీద చెయ్యి పెట్టి కూసుంటది అమ్మ, ఎంత పిలిచినా జల్ది లేవదు. గైడ్‌ల ఆ ముచ్చట రావాలె, ఆ గొంతు రావాలె.

రాతిబడి:
అమ్మకు నా నమస్కారం చెప్పండి. కానీ ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఉన్నది నిమిషం. అది ముంపుకిస్తే, 7వ శతాబ్దంలో ఆ రాయి చెక్కినవాడి పనితనం ఎప్పుడు చెప్తారు? వాడికి మాట్లాడే మనవళ్లు కూడా లేరు. ముంపు కథ వేరే పేజీలో పెట్టండి.

సంగమం_కాడ:
వేరే పేజీ అంటే ఎవరూ తెరవని పేజీ. ఆ గుడి ఇక్కడున్నదే ముంపు వల్ల సార్, అది చెప్పకుండ ఆ గుడి గురించి ఏం చెప్తరు?

నడిగడ్డ_పోరడు:
"తరలించబడినది" తీసేసిన. సంగమేశ్వరానికి ఒకటే నెంబర్ కింద రెండు ఆడియోలు పెడ్తం, రెండూ అదే పేజీల కనబడ్తయి. అన్నా, ఆదివారం పొద్దుగాల అమ్మను గుడి కాడికి తోల్కరాండ్రి, మైక్ నేను తెస్త.

సంగమం_కాడ:
తెస్త. ముందుగాల అమ్మదే వినబడాలె.

రాతిబడి:
ముందు శిల్పం. తర్వాతే ముంపు. ఆదివారం నేనూ వస్తున్నా.